అప్‌డేట్: ఉద్యోగం కోసం ప్రార్థన, దేవుని సమయం కోసం ఎదురుచూపు

అందరికీ వందనాలు. ఎంత ప్రార్థించినా ఉద్యోగం రావడం లేదని, దేవుని సమయం కోసం ఎదురుచూడడమంటే దరఖాస్తులు మానేసి ఊరుకోవడమేనా అని ఇక్కడ అడిగాను. పోయిన వారం ఉద్యోగం వచ్చింది. సలహాలిచ్చిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు.

అన్నిటికంటే పనికొచ్చింది బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండంలోని యోసేపు చరిత్ర చదవమన్న సలహా. ఆదికాండం 37వ అధ్యాయంలో అతనికి 17 ఏళ్లు, ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో ఎదుట నిలిచేసరికి 30. చెరసాలలో కూడా తోటి ఖైదీల ముఖాలు చిన్నబోయి ఉంటే ఎందుకని పలకరించాడు. విడుదల కాబోతున్న, రాజుకు ద్రాక్షారసం అందించే పానదాయకుల అధిపతిని, నన్ను జ్ఞాపకం చేసుకొమ్మని అడిగాడు. ఆయన మరచిపోయాడు, రెండేళ్లు గడిచిపోయాయి. అయినా అడగడం అవిశ్వాసం కాదని నాకు అక్కడే తేటతెల్లమైంది. దరఖాస్తులు పంపుతూనే, బైబిల్లోని 13వ కీర్తనలో దావీదు రాజులా ఎంతకాలమని మొరపెట్టుకున్నాను. ఉద్యోగం రాకముందే గుండెల్లో బరువు చాలా దిగింది.

ఉద్యోగం రాకపోవడానికి కారణం నాలో ఏదో దాచిన పాపం ఉండడమేనన్న మాట మాత్రం నన్ను చాలా బాధపెట్టింది. మా పాస్టరుగారు దాన్ని కొట్టిపారేశారు: యోసేపు చెరసాల పాలైంది తప్పు చేసి కాదు కదా! ఉపవాసాలు పెంచితే జవాబు త్వరగా వస్తుందన్నదీ నిజం కాదన్నారు.

ఇదే బాధలో ఉన్నవారు ముందుగా ఆదికాండం 39 నుంచి 41 వరకు చదవండి.