హిమానీనదం సరస్సులో వదిలేది ఒండ్రా, మేటా?

ప్రశ్న: భూగర్భశాస్త్ర వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. హిమానీనదం సరస్సులోకి దిగే చోట పేరుకునే దానికంతటికీ ‘ఒండ్రు’ అంటే సరిపోతుందా? సరస్సు అడుగున ఏటేటా పడే పొరల్ని ‘వార్వ్’ అంటారు కదా, దాన్ని ఏమనాలి?

— ఒండ్రు వద్దండి. ఆ మాటకి ఏరు తెచ్చిన మెత్తటి మట్టే గుర్తొస్తుంది. మంచుకి చిన్నా పెద్దా తేడా లేదు. బండలు, గులకరాళ్లు, రాతిపిండి అన్నీ కలగలిపి తెచ్చి అంచు దగ్గర కుప్ప పోస్తుంది. ఆ కుప్పకి ‘మొరైన్’ వాడుకలో ఉంది, ఉండనివ్వండి. విడదీసే పని నీటిది. మంచు అడుగు నుంచి వచ్చే వాగు సరస్సులో పడగానే వేగం చచ్చిపోతుంది. గులకా ఇసకా అక్కడే దిగిపోతాయి, సన్నటి పిండి మాత్రం లోపలికి పోతుంది. కెనడాలో లూయీస్ సరస్సుకి ఆ నీలాకుపచ్చ రంగు నీళ్లలో తేలే ఈ పిండి వల్లే. ఇలా నీరు సర్దిపెట్టిన దాన్ని హాయిగా ‘మేట’ అనొచ్చు.

— వార్వ్ స్వీడిష్ మాట. వేసవిలో కరుగునీరు జోరుగా వచ్చి లేతరంగు పొర వేస్తుంది. చలికాలం సరస్సు పైన గడ్డకడితే, అడుగున కదలిక లేని నీళ్లలో అతి సన్నటి బంకమన్ను మెల్లగా దిగి ముదురు పొర అవుతుంది. రెండూ కలిస్తే ఒక ఏడాది. గెరార్డ్ డి గేర్ అనే భూగర్భశాస్త్రవేత్త స్వీడన్‌లో ఇవే లెక్కపెట్టి, మంచు ఏ ఏడు ఎంత వెనక్కి తగ్గిందో తేల్చాడు. 1910లో స్టాక్‌హోంలో జరిగిన అంతర్జాతీయ భూగర్భశాస్త్ర మహాసభలో ఆ లెక్క వినిపించాడు. ‘ఏటిపొర’ అంటే ఎలా ఉంటుంది?

— వినడానికి బాగుంది గానీ, ఏడుకీ ‘ఏటి’యే, ఏరుకీ ‘ఏటి’యే! నీళ్ల గురించిన వ్యాసంలో చదివేవాళ్లు ఏరనే అనుకుంటారు. పైగా ఏడాదికి రెండు పొరలాయె. ‘జంటపొర’ అనండి, మొదటిసారి మాత్రం ‘ఏడాదికొక జంటపొర’ అని విప్పి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: జంటపొర ఖాయం. ఇంకొక్కటి. ఆ మెత్తటి పొరల మధ్య ఒంటరిగా ఒక రాయి కనిపిస్తుంది కదా, దానికో?

— తేలుతున్న మంచుగడ్డ కరిగి జారవిడిచిన రాయి అది. ‘రాలుడురాయి’ నా ఓటు. నిఘంటువుల్లో వెతక్కండి, ఇప్పుడే పుట్టింది. అది పడ్డ చోట కింది పొరలు నొక్కుకుపోయి ఉంటాయి, తర్వాతి ఏళ్ల పొరలు దాని మీదుగా కప్పుకుంటాయి. పైనుంచి పడిందని, దొర్లుకుంటూ రాలేదని దాన్నిబట్టే పోల్చుకుంటారు.