ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పదేళ్లైనా నిండకుండా ఎందుకు ముగిసింది?

సాగరతీరం:
నమస్కారం. బెజవాడ నుంచి కటక్ దాకా తీరం వెంట తొలి రైలు మార్గం వేసింది ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే అని, 1893లో రైళ్లు మొదలుపెట్టిన ఆ సంస్థ 1902 నాటికే లేకుండా పోయిందని చదివాను. అది మద్రాసు రైల్వేకు అనుబంధ సంస్థగా పుట్టిందా? అంత పెద్ద మార్గం వేసిన సంస్థను అంత త్వరగా ఎందుకు పంచేశారో తెలిసినవారు వివరించగలరు.

గోదావరివాసి:
అది ఏ కంపెనీకీ అనుబంధ సంస్థ కాదండి. మద్రాసు రైల్వే ప్రభుత్వం రాబడికి హామీ ఇచ్చిన ప్రైవేటు కంపెనీ కాగా, దీన్ని ప్రభుత్వమే వేసి, తానే నడిపింది. 1866 ఒడిశా కరువులో బియ్యం చేర్చే దారి లేక లక్షలాది మంది చనిపోయారు. 1880 నాటి కరువు కమిషన్ రైలు మార్గాలను విస్తరించాలని గట్టిగా చెప్పింది. తీరం మార్గానికి ప్రభుత్వం స్వయంగా పూనుకోవడం వెనుక ఈ అనుభవం ఉందని నా అభిప్రాయం.

ఇక పంపకం సంగతి. మొదట్లో ఈ మార్గం రెండు కొసలా అసంపూర్ణమే. బెజవాడ చేరినవారు హైదరాబాదు వైపో గుంతకల్లు వైపో వెళ్లగలిగేవారు గాని, గూడూరు మీదుగా నేరుగా మద్రాసు వెళ్లే దారి 1899లో గాని ఏర్పడలేదు. అదే ఏడాది ఉత్తరాన బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్ నుంచి కటక్ చేరింది. మధ్యలో గోదావరి ఒకటి అడ్డం: కొవ్వూరులో రైలు దిగి, నదిని పడవ మీద దాటి, రాజమండ్రిలో మళ్లీ రైలెక్కాలి. 1897లో మొదలుపెట్టిన వంతెన, 56 స్పాన్లతో, దాదాపు 2.7 కిలోమీటర్ల పొడవున, 1900లో పూర్తయింది. దానికి అప్పటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేరు పెట్టారు. దాంతో కలకత్తా–మద్రాసు ప్రధాన మార్గం కలిసిపోయింది. చెరో కొసనా పెద్ద కంపెనీ ఉండగా మధ్యలో మూడో యంత్రాంగం ప్రభుత్వానికి అనవసరమనిపించి ఉండాలి. వాల్తేరుకు దక్షిణ భాగం 1901లో మద్రాసు రైల్వేకు, పూరీ శాఖతో సహా ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేకు వెళ్లాయి. అంతటి వంతెన కట్టించిన సంస్థకు దాని మీద రైళ్లు నడిపే భాగ్యం నిండా రెండేళ్లైనా దక్కలేదన్నది నన్ను బాధించే విషయం.

వాల్తేరు జంక్షన్:
గోదావరివాసి గారు చెప్పిన పంపకం అప్పటితో ఆగిపోలేదు. ఉత్తర భాగం తరువాత ఆగ్నేయ రైల్వేకు, 2003లో తూర్పు కోస్తా రైల్వేకు చేరగా, దక్షిణ భాగం 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేకు, ఆపై దక్షిణ రైల్వేకు, 1966లో దక్షిణ మధ్య రైల్వేకు చేరింది. అందుకే విశాఖపట్నం భువనేశ్వర్ ఏలుబడిలోనూ, పొరుగునే ఉన్న అనకాపల్లి సికింద్రాబాద్ ఏలుబడిలోనూ ఉండిపోయాయి. విశాఖ కేంద్రంగా ప్రత్యేక జోన్ కావాలని ఉత్తరాంధ్ర ప్రజలు ఏళ్ల తరబడి అడగడానికి, 2019లో దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను ప్రకటించడానికి మూలం 1901లో వాల్తేరు దగ్గర గీసిన ఆ గీతలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సాగరతీరం:
ఇద్దరికీ ధన్యవాదాలు. బెజవాడ–మద్రాసు మార్గం ఈ తీరం మార్గం కన్నా తరువాత వచ్చిందన్న సంగతి నాకు తెలియదు. అది తెలిశాక పంపకానికి కారణం స్పష్టమైంది.