పాత వ్యాన్‌లో మసకబారుతున్న హెడ్‌లైట్లు: కొత్త బల్బులు వేసినా తీరని సమస్య

ప్రశ్న

నా దగ్గరున్న పాత వ్యాన్‌లో హెడ్‌లైట్లు రెండు విధాలుగా ఇబ్బంది పెడుతున్నాయి. లో బీమ్ వేసినప్పుడు కుడి దీపం బాగానే వెలుగుతుంది గానీ ఎడమ దీపం పసుపు రంగుకు తిరిగి మసకగా ఉంటుంది. అదే సమయంలో, హై బీమ్ వేయకపోయినా, డ్యాష్‌బోర్డులోని నీలిరంగు సూచిక సన్నగా వెలుగుతూ కనిపిస్తుంది. అంతకంటే భయపెడుతున్న విషయం మరొకటి ఉంది. రాత్రిపూట కొంత దూరం నడిపిన తరువాత రెండు దీపాలూ ఒక్కసారిగా ఆరిపోతాయి. స్టీరింగ్ పక్కనున్న కాంబినేషన్ స్విచ్‌ను కదిపితే తిరిగి వెలుగుతాయి, అప్పుడు స్విచ్ వేడెక్కి ఉంటుంది. 60/55 వాట్ల హెచ్4 బల్బులు రెండూ కొత్తవే, బ్యాటరీ కూడా బాగుంది. బల్బు తీసి హోల్డర్ దగ్గర మల్టీమీటరుతో చూస్తే బ్యాటరీ దగ్గర ఉన్నంత వోల్టేజీ, అంటే దాదాపు 12.6 వోల్టులు, అక్కడా కనిపిస్తోంది. అంటే వైరింగ్‌లో లోపం లేదని అనుకోవచ్చా? మొత్తం వైరింగ్ మార్చవలసి వస్తుందా?

మొదటి సమాధానం

ముందుగా ఒక మాట. లోపం తేలేవరకు ఆ వాహనాన్ని రాత్రిపూట నడపకండి. నడుస్తున్న వాహనంలో దీపాలు రెండూ ఒకేసారి ఆరిపోవడం తాత్సారం చేయదగిన విషయం కాదు.

బల్బు తీసి కొలిచిన వోల్టేజీని బట్టి వైరింగ్ బాగుందని చెప్పలేము. మల్టీమీటరు తీసుకునే కరెంటు అత్యల్పం కాబట్టి, వైరులోని పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా అది పూర్తి వోల్టేజీనే చూపిస్తుంది. 55 వాట్ల లో బీమ్ ఫిలమెంటుకు సుమారు 4.6 ఆంపియర్లు కావాలి. అంత కరెంటు ప్రవహిస్తున్నప్పుడే తుప్పు పట్టిన చోట, వదులైన చోట వోల్టేజీ ఎంత పడిపోతుందో బయటపడుతుంది. అందువల్ల బల్బులు బిగించి, దీపాలు వెలుగుతుండగా, కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ కనెక్టర్) వెనుక నుంచి మల్టీమీటరు ప్రోబును ఆనించి కొలవాలి.

మీరు చెప్పిన నీలిరంగు సూచిక చాలా విలువైన ఆధారం. హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లకూ కలిపి ఒక ఉమ్మడి టెర్మినల్ ఉంటుంది. అక్కడ ఎర్త్ (వాహనం బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కు చేరే కనెక్షన్) సరిగా లేనప్పుడు, లో బీమ్ ఫిలమెంటు గుండా వచ్చిన కరెంటు ఎర్త్‌కు చేరే దారి దొరకక, పక్కనున్న హై బీమ్ ఫిలమెంటు గుండా వెనక్కి వెళ్లి, సూచిక దీపం గుండానూ రెండో వైపు బల్బు గుండానూ ఎర్త్‌ను వెతుక్కుంటుంది. ఎడమ దీపం మసకగా ఉండటం, సూచిక సన్నగా వెలగడం అనే రెండు లక్షణాలకూ ఈ ఒక్క కారణం సరిపోతుంది. అయితే కొన్ని వాహనాల్లో స్విచ్ ఎర్త్ వైపున ఉండి, ఉమ్మడి టెర్మినల్‌కు పాజిటివ్ వస్తుంది. మీ వాహనం ఏ పద్ధతిదో వైరింగ్ పటంలో చూసి మొదలుపెట్టండి.

మల్టీమీటరు ఒక ప్రోబును బ్యాటరీ నెగటివ్ మీద, రెండవదాన్ని ఎడమ బల్బు ఎర్త్ టెర్మినల్ మీద పెట్టండి. 0.2 వోల్టులకు మించితే ఎర్త్‌ను బాగుచేయాలి. అలాగే బ్యాటరీ పాజిటివ్ నుంచి లో బీమ్ టెర్మినల్ వరకు కొలవండి. ఇక్కడ 0.5 వోల్టుల లోపు ఉంటే మంచిదే, అంతకు మించితే ఫ్యూజు, స్విచ్, కప్లర్ల వద్ద విడివిడిగా కొలుస్తూ పోవాలి.

రెండవ సమాధానం

పై సూచనలతో ఏకీభవిస్తూ, స్విచ్ గురించి కొంత చెబుతాను. చాలా పాత వాహనాల్లో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, విడదీసే విద్యుత్ స్విచ్) ఉండదు, రెండు దీపాల కరెంటు మొత్తం, అంటే 9 ఆంపియర్లకు పైగా, కాంబినేషన్ స్విచ్‌లోని చిన్న కాంటాక్టుల గుండానే వెళుతుంది. ఏళ్ల తరబడి ఆ భారం మోసిన కాంటాక్టులు కాలి, నిరోధం పెరిగి, వేడెక్కి, ఆ వేడికి మరింత పాడవుతాయి. కొన్ని పాత నమూనాల స్విచ్‌లోనే వేడికి తెరుచుకునే సర్క్యూట్ బ్రేకర్ కూడా ఉంటుంది, అటువంటప్పుడు దీపాలు ఆరి, చల్లబడ్డాక వాటంతట అవే వస్తాయి. మీవి స్విచ్ కదిపితేనే వస్తున్నాయి కాబట్టి కాంటాక్టులనే అనుమానిస్తున్నాను.

వెలుతురు చాలడం లేదని 100/90 వాట్ల బల్బులు మాత్రం వేయకండి. లో బీమ్‌కే 15 ఆంపియర్లు అవసరమై, ఇప్పటికే వేడెక్కుతున్న స్విచ్ కరిగిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు

వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. పటం ప్రకారం మా వాహనంలో ఉమ్మడి టెర్మినల్ ఎర్త్‌కే వెళుతోంది. ఎడమ ఎర్త్ వద్ద 3.4 వోల్టులు, కుడి ఎర్త్ వద్ద 0.1 వోల్టు కనిపించాయి. ఎడమ ఎర్త్ లగ్ (వైరు చివరనుండే లోహపు బిళ్ల) బాడీకి బిగించిన చోట రంగు కింద తుప్పు ఉంది. దాన్ని ఎమరీ పేపరుతో మెరిసేవరకు శుభ్రం చేసి, కొత్త లగ్ వేసి బిగించాక రెండు దీపాలూ సమానంగా వెలుగుతున్నాయి, సూచిక పూర్తిగా ఆరిపోయింది. పాజిటివ్ వైపు మాత్రం మొత్తం 1.8 వోల్టులు పోతున్నాయి. అందులో స్విచ్ వద్దే 0.9, దాని కప్లర్ వద్ద 0.6. కప్లర్‌లో ఒక టెర్మినల్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మారింది.

మొదటి సమాధానం ఇచ్చినవారు

అయితే వైరింగ్ మొత్తం మార్చే అవసరం లేదు. 9 ఆంపియర్ల దగ్గర 0.9 వోల్టు అంటే స్విచ్‌లోనే సుమారు 8 వాట్లు వేడిగా మారుతున్నాయన్నమాట. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు ముప్పై శాతం వరకు పడిపోతుంది కాబట్టి, రెండు దీపాలూ సమానంగా ఉన్నా రెండూ మసకగానే ఉన్నాయని గమనించండి.

కాలిన టెర్మినల్‌ను శుభ్రం చేసి తిరిగి వాడకండి, వేడికి దాని బిగువు పోయి ఉంటుంది. టెర్మినల్‌నూ, రంగు మారిన కప్లర్‌నూ మార్చి, స్విచ్ కూడా కొత్తది వేయండి. ఆ తరువాత లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి చొప్పున రిలేలు పెట్టండి. స్విచ్ నుంచి దీపాలకు వెళ్లే పాత వైరు రిలే మీది 86 నంబరు టెర్మినల్‌కు, 85 ఎర్త్‌కు, బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 30కి, 87 నుంచి దీపాలకు వెళ్లాలి. ఇక స్విచ్ మోయవలసింది రిలే కాయిల్ తీసుకునే కొద్దిపాటి కరెంటు మాత్రమే. ఒక్కొక్క రిలేకు 15 ఆంపియర్ల ఫ్యూజు విడిగా ఉండాలి, దాన్ని బ్యాటరీకి వీలైనంత దగ్గరగా అమర్చాలి, ఎందుకంటే ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్యనున్న వైరు బాడీకి రాసుకుంటే దానికి ఏ రక్షణా ఉండదు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసివేయండి. అంతా అయ్యాక ఇంజిన్ నడుస్తుండగా దీపాలు వేసి, బల్బు లో బీమ్ టెర్మినల్‌కూ ఎర్త్ టెర్మినల్‌కూ మధ్య కొలిస్తే 13 వోల్టులకు తగ్గకుండా రావాలి.