అప్‌డేట్: మా గాజు పలక ఎవరు చేశారో తెలిసింది

నెల్లూరు మూలాపేటలో మా తాతగారి ఇంట్లో ఉన్న రంగుల గాజు పలక ఎవరు చేసిందని ఇదివరకు అడిగాను. ఒక పాత బంగళా సామాను వేలంలో తాతగారు కొన్నారు. సీసపు పట్టీల మధ్య దేవదూత బొమ్మ ఉంటుంది, సంతకం మాత్రం లేదు.

మూలలు వెతకమని మీలో ఒకరు చెప్పారు, వారికి వేల దండాలు. కిటికీ వెలుతురులో భూతద్దం పెట్టి చూస్తే, ఎడమ పక్క కింది మూలలో బొటనవేలి గోరంత పసుపుపచ్చని పన, దాని మీద నల్లని చిన్న బురుజు కనిపించాయి! మా అత్తయ్యగారు వరి పన అన్నారు. నెల్లూరు కళ్లకు అలాగే తోస్తుంది మరి. కానీ అది గోధుమ పన, ఇంగ్లండుకు చెందిన చార్లెస్ ఈమర్ కెంప్ కార్ఖానా గుర్తు. తన వంశ చిహ్నం నుంచి ఆయన దాన్ని తీసుకున్నారు. 1907లో ఆయన పోయాక బంధువు వాల్టర్ టవర్ పని నడిపిస్తూ, తన ఇంటిపేరును సూచించేలా బురుజు చేర్చారు. 1934లో సంస్థ మూతపడింది. అంటే మా పలక ఆ మధ్యకాలానిదే. బురుజు లేకుంటే ఇంకా పాతదయ్యేది.

దేవదూత రెక్కల్లో నెమలి కన్నులున్నాయి. అదీ కెంప్ శైలే. పనలోని ఆ పసుపు మామూలు రంగు వేసింది కాదు, గాజుకు వెండి లవణం పూసి కొలిమిలో కాల్చితే వచ్చినది. అందుకే ఇన్నేళ్లయినా వెలవెలబోలేదు.

సబ్బునీళ్లతో కడుగుదామని ఇంట్లో అంటున్నారు, నేను ఒప్పుకోలేదు. ముఖం మీది సన్నని గీతలు రుద్దితే పోవచ్చు. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపి, టేకు చట్రం చేయిస్తున్నాను.