సుంకి ఘాట్‌లో ఇంజన్ మరిగిపోతోంది, వాటర్‌లెస్ కూలెంట్ పోస్తే తగ్గుతుందా?

జయపురం పికప్:
బండి 2.5 లీటర్ల డీజిల్ పికప్. కూలింగ్ మొత్తం 8 లీటర్లు. సాలూరు నుంచి లోడుతో ఘాట్ ఎక్కుతుంటే సెకండ్ గేర్‌లో పావుగంటకే ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చేస్తోంది, రిజర్వ్ బాటిల్ పొంగుతోంది. పైకెక్కి చదును రోడ్డు పడితే మళ్లీ సగానికి దిగుతుంది. రేడియేటర్‌లో ఉన్నవి బోరు నీళ్లే, కూలెంట్ పేరుకి ఓ లీటరు. వాటర్‌లెస్ (నీళ్లు కలపని కూలెంట్) అయితే 180 డిగ్రీలు దాటినా మరగదంటున్నారు. పాతది వంపేసి అది పోసేస్తే చాలా? మెకానిక్ మాత్రం థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కి నీళ్లు వదిలేది) తీసేద్దామంటున్నాడు.

రాయగడ రెంచి:
మరగదన్న మాట నిజం. కానీ ఇంజన్ వేడి దానివల్ల తగ్గదండీ, ఇంకాస్త పెరుగుతుంది. కిలో నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే 4.18 కిలోజౌళ్లు మింగుతాయి. సగం నీళ్లు, సగం గ్లైకాల్ (కూలెంట్‌లో ఉండే చిక్కటి ద్రవం) అయితే సుమారు 3.4. వాటర్‌లెస్ అంటే దాదాపు అంతా గ్లైకాలే కాబట్టి 2.5 దగ్గర ఆగుతుంది. పైగా చిక్కన, అదే పంపు అంత జోరుగా తిప్పలేదు. మీకు రేడియేటర్ వేడిని బయటికి వదలడం లేదు. ఆ లోపం అలాగే ఉంచి ఇది పోస్తే, పొంగి హెచ్చరించే గుణం కూడా పోతుంది. నీళ్లయితే పొగలు కక్కి బండి ఆపిస్తాయి. ఇది చప్పుడు చేయకుండా హెడ్‌ని (ఇంజన్ పైభాగాన్ని) కాల్చేస్తుంది.

వాల్వ్ మాత్రం తీయించకండి. బైపాస్ దారి ఉన్న ఇంజన్లలో వేడెక్కిన వాల్వే ఆ దారిని మూస్తుంది. అది లేకపోతే నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండా ఇంజన్‌లోనే తిరుగుతుంది, ఘాట్‌లో ఇంకా ముందే ముల్లు లేస్తుంది. అనుమానముంటే గిన్నెలో నీళ్లు కాచి వాల్వ్ వేలాడదీయండి. దానిమీద కొట్టిన డిగ్రీ దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టాలి.

గుణుపురం గేర్:
రెంచిగారు చెప్పింది సరే గానీ వాటర్‌లెస్‌ని పూర్తిగా కొట్టిపారేయక్కర్లేదు. వెట్ లైనర్ డీజిల్‌లో (పిస్టన్ ఆడే గొట్టం, అంటే లైనర్, బయటివైపు నేరుగా కూలెంట్‌కి తగిలే ఇంజన్‌లో) లైనర్ అదురుకి ఆవిరి బుడగలు పుట్టి పగిలి, లైనర్ బయటివైపు సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. వాటర్‌లెస్‌లో ఆ బెడద బాగా తగ్గుతుంది. తుప్పు, సున్నం పేరుకోవడం ఉండవు. ఆవిరి ఒత్తిడి లేదు కాబట్టి పాత గొట్టాలకీ తేలిక. ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ సంగతులు.

వంపేసి పోయడమంటే మాత్రం కుదరదు. లోపల నీటి శాతం 3 దాటకూడదు. మీ 8 లీటర్లలో అది 240 మిల్లీలీటర్లు, రెండు టీ గ్లాసులకి కాస్త ఎక్కువ. రేడియేటర్ కుళాయి ఒక్కటే విప్పితే ఇంజన్ బ్లాక్‌లో లీటర్ల కొద్దీ నిలిచిపోతుంది. కాబట్టి ఇంజన్ చల్లారాక రేడియేటర్ కుళాయి, బ్లాక్ ప్లగ్, కింది గొట్టం, హీటర్ ఉంటే దాని గొట్టాలు, అన్నీ విప్పాలి. సున్నం ఉంటే ముందే ఫ్లష్ చేసి తీరాలి. తర్వాత తక్కువ ఒత్తిడి గాలితో ఊదాలి, గట్టిగా ఊదితే రేడియేటర్ అతుకు ఊడుతుంది. ప్రెప్ ఫ్లూయిడ్ (మిగిలిన నీటిని లాగేసే ద్రవం) పోసి, వాల్వ్ తెరుచుకునేదాకా ఇంజన్ నడిపి, చల్లారనిచ్చి మళ్లీ మొత్తం వంపాలి. అప్పుడు అసలుది పోసి, గాలి పోయేలా ఇంజన్ తిప్పి, రిఫ్రాక్టోమీటర్‌తో నీటి శాతం చూడాలి. ఇంత చేసి, సుంకి మలుపులో ఓ గొట్టం పగిలితే? దారిలో దొరికేవి నీళ్లే. బాటిల్ పోశారంటే చేసిందంతా వృథా. బండిలో రెండు లీటర్లు పెట్టుకుని తిరగాల్సిందే.

వంపిన గ్లైకాల్ కాలువలో పోయకండి. తియ్యగా ఉంటుంది, ఆవులూ కుక్కలూ తాగి చస్తాయి. ఎగ్జాస్ట్ మీద కారితే అంటుకుంటుంది కూడా.

జయపురం పికప్:
నిన్న ఘాట్ మీద ఆపి చూశాను. పై గొట్టం, కింది గొట్టం రెండూ చెయ్యి ఆనించలేనంత వేడి. రేడియేటర్ ఫిన్ల (పలచటి రేకుల) మధ్య ఎర్రమట్టి గట్టిపడి ఉంది.

రాయగడ రెంచి:
అయితే నీళ్లు తిరుగుతున్నాయి, గాలి తగలడం లేదు. కింది గొట్టం చల్లగా ఉంటే వాల్వ్‌నో, మూసుకుపోయిన ట్యూబుల్నో అనుమానించేవాళ్లం. ఫిన్లని ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టి కడిగించండి, ప్రెషర్ వాష్ గన్ దగ్గరగా పెడితే ఫిన్లు వంగిపోతాయి. విస్కస్ ఫ్యాన్ (ఆయిల్ క్లచ్‌తో తిరిగే ఫ్యాన్) అయితే ఇంజన్ బాగా వేడెక్కాక ఆపి చేత్తో తిప్పండి. కాస్త బిగువుగా ఆగిపోవాలి. గిర్రున మూడు నాలుగు చుట్లు తిరిగిందంటే ఫ్యాన్ క్లచ్‌లో ఆయిల్ పోయినట్టే. బెల్టు బొటనవేలితో నొక్కితే 10-12 మిల్లీమీటర్లకి మించి దిగకూడదు.

రేడియేటర్ మూత కూడా పరీక్షించండి. కోరాపుట్ ఎత్తు సుమారు 870 మీటర్లు, అక్కడ మామూలు నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఆ మరుగు డిగ్రీని పెంచే ఒత్తిడిని మూత పట్టకపోతే మీ బోరు నీళ్లకి ఆపైన ఆసరా ఏమీ లేదు. ఇవన్నీ అయ్యాక ఫ్లష్ చేయించి 4 లీటర్ల గాఢ కూలెంట్, 4 లీటర్ల బ్యాటరీ వాటర్ పోయండి. డబ్బా మీద రెడీమిక్స్ అని ఉంటే నీళ్లు కలపకండి.

గుణుపురం గేర్:
అదంతా చేశాక కూడా పొంగితే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, ఆ తర్వాత స్టార్ట్ చేసి చూడండి. ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య సీలు) పోయినట్టు. అప్పుడు ఏ కూలెంట్ పోసినా ఒకటే.