రెండు టైర్లే కొత్తవి కొంటే ముందు వేయించాలా, వెనక వేయించాలా?

తిరుచానూరు వాసి:
నాది ముందు చక్రాలకు ఇంజను శక్తి అందే చిన్న కారు. ఇప్పటికి 41 వేల కిలోమీటర్లు తిరిగింది. ముందు టైర్ల గాడుల లోతు కొలిపిస్తే 2 మిల్లీమీటర్లు తేలింది. వెనకవి ఇంకా 5 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయి. నాలుగూ ఒకేసారి మార్చే వీలు ఈ నెలలో లేదు కనుక రెండే కొనదలచాను. టైర్ల దుకాణంవారు కొత్తవి ముందే వేయాలంటున్నారు, మా బావగారు వెనకే వేయించమని పట్టుబడుతున్నారు. వారానికి రెండుసార్లు చిత్తూరు వెళ్లి వస్తాను, నెలకోసారి అమ్మానాన్నలను కొండకు తీసుకెళ్తాను. వానలు దగ్గరపడుతున్నాయి. దయచేసి కారణాలతో సహా తెలుపగలరు.

ఘాట్ రోడ్డు సారథి:
కొత్తవి ముందే వేయించండి. పదిహేనేళ్లుగా టాక్సీ నడుపుతున్నాను, ఈ విషయంలో నాకు సందేహం లేదు. మీ కారులో ఇంజను బరువు ముందుంది, బండిని లాగేది ముందు చక్రాలు, తిరిగేదీ అవే, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం మోసేదీ అవే. ఇంత పని చేసే చోట పాత టైరు పెట్టి, వెనక ఊరికే దొర్లే చోట కొత్తది పెట్టడం ఎలా సబబు? పైగా వెనక వేసిన కొత్త టైరు త్వరగా అరగదు. అరగకుండానే ఎండకు రబ్బరు గట్టిపడి, పక్కల పగుళ్లు వచ్చి పనికిరాకుండా పోతుంది. తిరుపతి ఎండలు ఎలాంటివో మీకు చెప్పనక్కరలేదు.

యంత్రశాస్త్ర బోధకుడు:
సారథిగారు చెప్పిన పని భారం లెక్క నిజమే. ముందు టైర్లు ఎందుకు త్వరగా అరుగుతాయో అది చక్కగా వివరిస్తుంది. కానీ అడిగిన ప్రశ్న ఏ టైరు ఎక్కువ అరుగుతుందని కాదు, పట్టు తప్పితే ఏ వైపు తప్పడం తక్కువ ప్రమాదమని.

తడి రోడ్డు మీద టైరు ముందుకు సాగుతున్నప్పుడు దాని కింది నీరు గాడుల గుండా పక్కకు పోవాలి. గాడులు లోతు తగ్గిన కొద్దీ తక్కువ నీటినే తోడగలవు. వేగం పెరిగితే నీరు టైరుకూ రోడ్డుకూ మధ్య చేరి టైరును పైకి లేపుతుంది. ముందు చక్రాలకు ఇలా జరిగితే స్టీరింగు తేలికైపోయినట్టు చేతికి తెలుస్తుంది, కారు వంపు తిరగకుండా నేరుగా పోతుంది. అప్పుడు యాక్సిలరేటరు మీది కాలు నెమ్మదిగా తీస్తే వేగం తగ్గి పట్టు చాలావరకు తిరిగి వస్తుంది. వెనక చక్రాలకు జరిగితే చేతికి ముందుగా ఏ కబురూ అందదు. కారు తోక పక్కకు జారి బండి చుట్టూ తిరిగిపోతుంది, భయంతో కాలు తీసినా బ్రేకు తొక్కినా బరువు ముందుకు మళ్లి వెనక ఇంకా తేలికై జారుడు ఎక్కువవుతుంది. దాన్ని సరిదిద్దడం సాధారణ డ్రైవరుకు సాధ్యం కాదు. మిషెలిన్ వంటి తయారీదారులు ఎక్కువ లోతున్న జతను వెనకే వేయమనడానికి కారణం ఇదే.

ఇది నాకు పుస్తకంలో మాత్రమే తెలిసిన సంగతి కాదు. ఒక నవంబరు సాయంత్రం చంద్రగిరి దాటాక నీరు నిలిచిన చోట నా కారు వెనక భాగం ఒక్కసారిగా ఎడమకు జారింది. అప్పుడు కొత్త టైర్లు ముందు చక్రాలకే ఉన్నాయి. ఎదురుగా బండి ఏదీ రాలేదు కనుక ఇవాళ ఇది రాస్తున్నాను.

కొండ మీది నుంచి దిగే దారి గురించి కూడా ఆలోచించండి. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా దిగుతున్నప్పుడు అక్కడి వేగానికి టైరు నీటి మీద తేలడం అరుదే. కానీ వాలు వల్ల, బ్రేకు వల్ల బరువంతా ముందుకు ఒరిగి, మలుపుల్లో వెనక చక్రాలు తేలికగా ఉంటాయి. తడిగా ఉన్న రోజు ఆ తేలిక చక్రాలకే మంచి టైరు అవసరం.

చిత్తూరు అలైన్‌మెంట్:
ముందా వెనకా అన్నది తేల్చుకునే ముందు, పాతవి ఎలా అరిగాయో తిరుచానూరు మిత్రులు చెప్పలేదు. రెండు అంచులూ అరిగి నడుమ భాగం మిగిలిందా, నడుమ అరిగిందా, ఒకే అంచు పోయిందా?

తిరుచానూరు వాసి:
ఇప్పుడే చూశాను. రెండు టైర్లకూ అంచులు రెండూ అరిగాయి. ఎడమ టైరు లోపలి అంచు మరీ ఎక్కువగా పోయింది.

చిత్తూరు అలైన్‌మెంట్:
అయితే ఇందులో రెండు కారణాలు కలిశాయి. రెండు అంచులూ అరగడం చాలాకాలం గాలి తక్కువగా నడిపినదానికి గుర్తు. గాలి ఎక్కువైతే నడుమ భాగం అరుగుతుంది. ఎడమ లోపలి అంచు విడిగా పోయిందంటే అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలవవలసిన కోణం, తప్పింది. అరచేతితో టైరును అడ్డంగా ఒకసారి అటు, ఒకసారి ఇటు నిమరండి. ఒక దిక్కున నునుపుగా, మరో దిక్కున రంపపు పళ్లలా తగిలితే ఇక అనుమానం అక్కరలేదు. అది సరిచేయించకుండా కొత్త జత ఎక్కడ వేసినా డబ్బు వృథా అవుతుంది.

గాలి విషయంలో మనవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. కొండెక్కి దిగిన వెంటనే అలిపిరి దగ్గర గాలి చూపించి, ఎక్కువుందని తీయించేస్తారు. వేడి ప్రతి 5, 6 డిగ్రీలు పెరిగితే ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది. డ్రైవరు తలుపు పక్కన అంటించిన అంకె చల్లని టైరుకు చెప్పినది. వేడి మీద తీయించిన గాలి మర్నాటి ఉదయానికి లోటుగా మిగిలిపోతుంది. పొద్దున్నే, బండి తీయకముందు చూసుకోవాలి.

ఘాట్ రోడ్డు సారథి:
బోధకుడుగారు వాన గురించి చెప్పినది కాదనను. కానీ 2 మిల్లీమీటర్ల టైర్లతో ముందు బ్రేకు వేస్తే బండి ఎక్కడ ఆగుతుంది? మన నిబంధనల ప్రకారం కారు టైరుకు కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతుండాలి. ఇతని టైర్లు ఆ అంచుకే వచ్చాయి.

యంత్రశాస్త్ర బోధకుడు:
ఇక్కడే మనం ఒకరి మాట ఒకరం వేరుగా అర్థం చేసుకున్నాం. ఆ 2 మిల్లీమీటర్ల జతను ముందు ఉంచమని నేను అనలేదు, అది పారవేయవలసినదే. వెనకున్న 5 మిల్లీమీటర్ల జత ముందుకు వస్తుంది, కొత్తది వెనకకు పోతుంది. ముందుకు వచ్చినవి అక్కడ త్వరగా అరిగి తమ వంతు ముగించుకుంటాయి. ఆపై వెనక జత ముందుకు జరుగుతుంది. వెనక వేసినది అరగకుండా ముసలిదవుతుందన్న మీ అభ్యంతరం నెలకు రెండు మూడు వందల కిలోమీటర్లే తిరిగే కార్ల విషయంలో సరైనదే. ఇతనిది అలాంటి కారు కాదు.

తిరుచానూరు వాసి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న అలైన్‌మెంట్ చేయించి, వెనక జతను ముందుకు మార్పించి, కొత్తవి వెనక వేయించాను. టైరు పక్కన ముద్రించిన, అది ఎప్పుడు తయారైందో తెలిపే నాలుగు అంకెలు చూసే కొన్నాను. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. దుకాణంవారు మొదట తెచ్చి చూపినవి రెండేళ్ల కిందటివి, వద్దని వేరే తెప్పించుకున్నాను.

ఘాట్ రోడ్డు సారథి:
మంచిది. మీరు చేసినది తప్పని అనను. నేను మాత్రం ప్రతి 8 వేల కిలోమీటర్లకు ముందువి వెనకకు, వెనకవి ముందుకు మార్పించి, నాలుగూ ఒక్కసారే కొంటాను. టాక్సీకి అదే కుదురుతుంది.