ఒకే జెట్, రెండు బింబాలు, రెండు ధ్రువణ కోణాలు: ఎందుకు?

ప్రశ్న:
కర్నూలులో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ధ్రువణం (కాంతి తరంగం కంపించే దిశ) పాఠంలో బ్లేజర్ల సంగతి, అంటే నడుమ ఉన్న కృష్ణబిలం నుంచి మనవైపు జెట్ (వేగంగా దూసుకొచ్చే పదార్థ ధార) చిమ్మే గెలాక్సీల సంగతి ఎత్తితే పిల్లలు వదలరు, అందుకే అడుగుతున్నా. పీకేఎస్ 1830-211 అనే బ్లేజర్ ముందు అడ్డంగా ఒక గెలాక్సీ ఉంది. దాని గురుత్వం వల్ల బ్లేజర్ రెండు బింబాలుగా కనిపిస్తుంది, మధ్య ఎడం ఒక ఆర్క్‌సెకండు (డిగ్రీలో 3600వ వంతు). ఫ్లేర్ (వెలుగు హఠాత్తుగా పెరగడం) వచ్చినప్పుడు రెండు బింబాల ధ్రువణ కోణాలూ ఒకేలా ఉండవట. తిప్పుతున్నది గెలాక్సీయా, జెట్‌లోనే మార్పా?

అనంతపురం నుంచి, రీసెర్చ్ స్కాలర్:
సార్, గురుత్వం ధ్రువణ తలాన్ని తిప్పేది లెక్కలోకి రాదు. ముందు చూడాల్సింది ఆలస్యం. ఈశాన్య బింబం వెలుగు ముందొస్తుంది, నైరుతిది సుమారు 26 రోజులు వెనక. ఒకే రాత్రి రెండూ కొలిస్తే జెట్ రెండు వేర్వేరు తేదీల్లో కనిపిస్తుంది. ఫ్లేర్‌లో కోణం రోజుల్లోనే మారిపోవచ్చు, కాబట్టి తేడా రాకపోతేనే ఆశ్చర్యం! ఇంకో మేలు: రెండు బింబాలనూ కొలిచేది అదే పరికరం, అదే సమయం. కాలిబ్రేషన్ లోపం రెండింటికీ ఒకటే, తేడా తీస్తే చాలావరకు పోతుంది. ఈ పద్ధతంటే నాకు ప్రాణం.

కడప నుంచి:
గెలాక్సీని పూర్తిగా వదిలేయొద్దు సార్. రెండు కిరణాలూ దానిలో వేర్వేరు చోట్ల దూరి వస్తాయి. అక్కడి ఎలక్ట్రాన్లు, అయస్కాంత క్షేత్రం వల్ల ఫారడే భ్రమణం, అంటే ధ్రువణ తలం తిరగడం, ఉంటుంది. కాకపోతే అది తరంగదైర్ఘ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అందుకే మిల్లీమీటర్ తరంగాల దగ్గర బాగా తగ్గిపోతుంది. అంత చిన్న తరంగాల్లోనూ ఆల్మా (చిలీలోని రేడియో టెలిస్కోపుల సముదాయం) కొలతల్లో భారీ భ్రమణం కనబడిందని 2015లో ప్రచురించారు. అది జెట్ మొదట్లోదని, అక్కడి క్షేత్రం కనీసం పదుల గాస్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) ఉంటుందని తేల్చారు.

కర్నూలు:
అయితే ఇవాళ ఈశాన్య బింబంలో కొలిచిన కోణాన్ని, 26 రోజుల తర్వాత నైరుతి బింబంలో కొలిచినదానితో పోలిస్తే జెట్ మార్పు రద్దయిపోవాలి. మిగిలేది గెలాక్సీ వాటా, అంతేనా?

అనంతపురం:
దాదాపు అంతే సార్. మైక్రోలెన్సింగ్ ఒకటి అడ్డొస్తుంది. గెలాక్సీలోని నక్షత్రాలు జెట్‌లో ఒక చిన్న భాగాన్ని ఒక బింబంలో ఎక్కువగా, ఇంకో బింబంలో తక్కువగా పెద్దవి చేస్తాయి. ఆ భాగం ధ్రువణం మిగతా జెట్‌తో కలవకపోతే మొత్తం కోణమే మారిపోతుంది. అది రద్దవదు. పిల్లలకు ఇలాగే రెండు బింబాలుగా కనిపించే బీ0218+357 అనే బ్లేజర్ కూడా చూపించండి. దాని గామా కిరణాల ఫ్లేర్లలో ఆలస్యం సుమారు 11.5 రోజులే, బోర్డు మీద గ్రాఫ్ గీయడం తేలిక.